వడ్డించిన విస్తళ్ళూ, నా రెండు చేతులూ

వడ్డించిన విస్తరి ముందు నుంచి మనిషిని లేపడం ఎంత కష్టమో మీకు తెలియనిది కాదు. అందులోనూ మా శ్రీకాకుళం మనిషిని. కరెంటు పోనీ, వాన కురవనీ, పక్కింట్లో పోట్లాట జరగనీ, "కూసింత పులుసెయ్యమ్మా" అంటాడే తప్ప కదలడు. అలాంటివాళ్ళను ఒక పంక్తి నిండా కూర్చోబెట్టి, పులిహోర మీద చెయ్యి కూడా పెట్టనివ్వకుండా అందరినీ ఒక్కసారే లేపేసిన ఘనత ఈ రాస్తున్న సత్యవతిది. ఆ పూట మా పెరట్లో కాకులు కూడా సిగ్గుపడి మెతుకు ముట్టలేదని మా వదిన ఇప్పటికీ చెబుతుంది. కాకుల సంగతి అబద్ధం. మిగతాదంతా నిజం. రాస్తుంటేనే చెవులు వేడెక్కుతున్నాయి, కాబట్టి నవ్వదలచుకున్నవాళ్ళు దయచేసి నా మొహం చూడకుండా నవ్వండి.

నేను విజయనగరంలో ఒక కాలేజీలో తెలుగు చెబుతాను. "డు ము వు లు ప్రథమా విభక్తి" అని నేను మొదలుపెడితే ఆవలించని పిల్లాడు లేడు. నాకు మాత్రం విభక్తులంటే ప్రాణం. పేరు వెనక చిన్న ముక్క తగిలిస్తే చాలు, ఇల్లు కాస్తా ఇంటికి అవుతుంది, ఇంట్లో అవుతుంది, ఇంటి నుంచి అవుతుంది. ప్రపంచమంతా ఆ చిన్న ముక్కల మీదే నడుస్తోందని నా నమ్మకం. ఆ నమ్మకం నా క్లాసురూములోనే పడి ఉంటే ఎవరికీ నష్టం లేకపోయేది.

మా అన్నయ్య శ్రీకాకుళంలో ఉంటాడు. ఆయన కొడుకు తరుణ్ డాక్టరు చదువుకని కిర్గిజ్‌స్తాన్ వెళ్ళాడు. మా జిల్లాల్లో ఇందులో వింతేమీ లేదు, ఏ వీధికి వెళ్ళినా అక్కడ చదువుతున్న పిల్లాడొకడు తగులుతాడు. వింత ఏమిటంటే వీడు డిగ్రీతో పాటు అయిజాన్ అనే తోటి డాక్టరమ్మాయి ఫోటో కూడా పట్టుకొచ్చాడు. అన్నయ్య కొన్నాళ్ళు మాట్లాడటం మానేశాడు. వదిన కొన్నాళ్ళు ఏడ్చింది. ఆ తర్వాత ఒకరోజు వీడియో కాల్‌లో ఆ పిల్ల "అత్తా, తిన్నావా?" అని తెలుగులో అడిగింది. ఆ పిల్లకు వచ్చిన తెలుగు అప్పటికి అంతే. ఆ ఒక్క ముక్కకే వదిన కరిగిపోయింది. వదిన కరిగాక అన్నయ్య ఎంతసేపు ఆగుతాడు?

ఇక మిగిలింది అవతలి పక్షం. అక్కడ మాట చెల్లేది అయిజాన్ తాతగారిది. ఆయన సరే అనలేదు, కాదనీ అనలేదు. "నా మనవరాలు వెళ్ళే ఇల్లు కళ్ళతో చూస్తాను. ఆ ఇంటి తిండి తింటాను. అప్పుడు చెబుతాను" అన్నాడట. అని ఊరుకోకుండా కొడుకునూ కోడలినీ మనవరాలినీ వెంటబెట్టుకుని విమానం ఎక్కాడు. అంటే మా తరుణ్ పెళ్ళి మొత్తం ఒక్క భోజనం మీద ఆధారపడి ఉందన్నమాట. ఈ సంగతి దయచేసి గుర్తుపెట్టుకోండి. నేను గుర్తుపెట్టుకోలేదు.

వదిన నాకు ఫోన్ చేసింది.

"సత్తెమ్మా, ఆ పెద్దాయనకి ఇంగ్లీసు రాదంట. హిందీ రాదంట. ఆ పిల్ల అమ్మకీ నాన్నకీ కూడా రాదంట. ఆళ్ళ బాసేటో ఆళ్ళదేనంట. ఏటి సేసేది?"

"నేనున్నాను కదా వదినా" అన్నాను.

"నీకొస్తాదేటి?"

"వ్యాకరణం వచ్చినవాళ్ళకు భాష రావడం ఎంతసేపు వదినా? అన్నయ్యను నిశ్చింతగా ఉండమను."

ఇదిగో, ఈ మాటే. దీన్ని నోట్లోకి వెనక్కి లాక్కునే ప్రత్యయం ఏ భాషలోనూ లేదని నాకు తర్వాత తెలిసింది.

ఫోన్‌లో వీడియో పాఠాలు పెట్టుకుని కిర్గిజ్ భాష మొదలుపెట్టాను. మొదటి పాఠానికే ఒళ్ళు జలదరించింది. అచ్చం మనలాగే! పేరు ముందు, ప్రత్యయం వెనక. మనం "మా ఇంట్లో" అంటే ఆ "మా"ను ముందు పెడతాం. వాళ్ళు దాన్ని కూడా వెనకే తగిలిస్తారు, అంతే తేడా. ఊయ్ అంటే ఇల్లు. ఉయుబుజ్ అంటే మా ఇల్లు. ఉయుబుజ్‌గో, మా ఇంటికి. ఉయుబుజ్‌దో, మా ఇంట్లో. ఉయుబుజ్‌దోన్, మా ఇంటి నుంచి. విజయనగరం స్టేషన్లో ఇంజను వెనక వ్యాగన్లు తగిలించినట్టు ఒకదాని తర్వాత ఒకటి టకటకా వచ్చి అతుక్కుంటున్నాయి. పైగా వాళ్ళ భాషలో పిల్లను బాల అంటారట. ఇంకేం కావాలి? మనకూ వాళ్ళకూ చుట్టరికం ఉందని నాకు నేనే తీర్మానించేశాను.

బస్సులో ఉయుబుజ్, వంటింట్లో ఉయుబుజ్‌దో, కాలేజీ నుంచి వస్తూ ఉయుబుజ్‌గో. మా ఆయన రెండు రోజులు ఓపిక పట్టి మూడో రోజు అడిగారు.

"ఇల్లు బాగానే వచ్చింది గానీ, మంచినీళ్ళని ఏటంటారే?"

"అది ఇంకా రాలేదు."

"అన్నాన్ని?"

"అదీ తర్వాతే."

"రా, కూకో, తిను?"

"అవన్నీ క్రియలండీ. నేనింకా నామవాచకాలు దాటలేదు. అవునంటే 'ఓబా' అనాలని మాత్రం వచ్చు."

"అయితే పాపం ఆ ముసలాయన అంత దూరం నుంచొచ్చి ఇల్లు తిని ఇల్లు తాగుతాడేటి?"

ఆ పూట ఆయనకు కూర వెయ్యలేదు. వెటకారం చేసేవాళ్ళకు చారు చాలు.

అసలు ముప్పు పాఠంలో లేదు, ఒక విందు వీడియోలో ఉంది. ఎవరో కిర్గిజ్ వాళ్ళు తమ ఇంట్లో తీసింది. పొడవాటి బల్ల, బల్ల నిండా రొట్టెలు, మాంసం, పళ్ళు, గిన్నెల్లో జామ్, గుట్టలుగా మిఠాయిలు. చుట్టూ జనం. ఒక పెద్దాయన రెండు అరచేతులూ ఆకాశం వైపు తెరిచి ఏదో గొణిగాడు. అందరూ అలాగే చేతులు తెరిచారు. "ఓమీన్" అంటూ అందరూ రెండు చేతులతో మొహం పైనుంచి కిందికి తుడుచుకున్నారు. వీడియో అక్కడితో అయిపోయింది. నాకు భలే నచ్చింది. బల్ల నిండుగా ఉంది కాబట్టి ఇది భోజనానికి ముందు చేసే ప్రార్థన అనుకున్నాను. మరేమనుకోవాలి చెప్పండి? మన దగ్గర భోజనం అయిపోతే విస్తరిలో కరివేపాకు తప్ప ఏం మిగులుతుంది? నిండుగా ఉన్న బల్లను వదిలేసి మనుషులు లేచిపోతారని కలలోనైనా అనుకుంటామా?

అద్దం ముందు నిలబడి ఆ చేతులు బాగా సాధన చేశాను. పద్ధతి తెలిసిన మనిషి ఉందని వాళ్ళు పొంగిపోవాలని నా ఆశ.

ఆ రోజు రానే వచ్చింది. అన్నయ్య ఇంటి పక్క ఖాళీ స్థలంలో షామియానా, దాని కింద బల్లలు, కుర్చీలు వేశారు. మూడు రోజులుగా వదిన కంటికి కునుకు లేదు. పులిహోర, గారెలు, ముద్దపప్పు, గుత్తివంకాయ, చేపల పులుసు, పాయసం. మాంసం వాళ్ళు తినే పద్ధతి ప్రకారమే కోయించి తెప్పించాడు అన్నయ్య, ఆ విషయంలో ఎంతో జాగ్రత్తపడ్డాడు. మా మేనమామ సూరయ్య మావ బంధువులందరికీ పెద్ద. ఆయన ఇస్త్రీ పంచె కట్టుకుని వచ్చి, మడత నలగకుండా కుర్చీ అంచున కూర్చున్నాడు.

తరుణ్ అతిథులను కారులో తీసుకొచ్చి దించాడు. అయిజాన్‌ను చీర కట్టడానికి ఆడవాళ్ళు మేడ మీదికి లాక్కుపోయారు. ఇంతలో ఐస్‌క్రీమ్ ఇంకా రాలేదని వదిన గోల. తరుణ్ వెళ్ళాలా వద్దా అని తటపటాయించాడు.

"నువ్వెళ్ళి తీసుకురారా, నేను చూసుకుంటాను" అన్నాను.

వాడు నన్ను పక్కకు లాగాడు. "అత్తా, అయిజాన్ కిందికొచ్చీదాకా నువ్వేటీ మాటాడకు. నవ్వు. అంతే. నవ్వితే సాలు."

"నాకు నేర్పుతున్నావురా?"

వాడు వెళ్ళిపోయాడు. వెళ్ళేటప్పుడు వెనక్కి తిరిగి చూసిన ఆ చూపును నేను ప్రేమ అనుకున్నాను. అది భయమట.

తాతగారు దిట్టమైన మనిషి. మా ఎండలో కూడా ఎత్తైన తెల్లని ఉన్ని టోపీ తియ్యలేదు, దాని కిందినుంచి చెమట ధారగా కారుతోంది. నేను ఎదురెళ్ళి నిటారుగా నిలబడి, బట్టీ పట్టిన వాక్యం అప్పజెప్పాను.

"ఉయుబుజ్‌గో కోష్ కెలిఙిజ్‌దెర్!"

మా ఇంటికి స్వాగతం. ఒక్క అక్షరం కూడా తప్పు పోలేదు. తాతగారి కళ్ళు మెరిశాయి. నా రెండు చేతులూ పట్టుకుని గలగలా మాట్లాడటం మొదలుపెట్టాడు. ఎంత సేపని! ఆ ప్రవాహంలో నాకు "గా"లూ "దా"లూ "దాన్"లూ వినబడుతూనే ఉన్నాయి, కానీ అవి దేని వెనక తగిలాయో మాత్రం తెలియడం లేదు. వ్యాగన్లు కనిపిస్తున్నాయి, లోపల సరుకేమిటో అంతుబట్టడం లేదు.

"ఏటంతన్నారే?" అన్నాడు అన్నయ్య చెవిలో.

"ఇల్లు బాగుందంటున్నారు."

"అంతసేపు మాటాడేరు, ఇంతేనేటి?"

"వాళ్ళ భాషలో ప్రత్యయాలు ఎక్కువ అన్నయ్యా. అందుకే పొడుగవుతుంది."

సూరయ్య మావ మెచ్చుకోలుగా తల ఊపాడు. "సదువంటే అదీ" అన్నాడు. ఆ మాట నా తలకెక్కింది. దానితో ఇల్లు చూపించే పని కూడా నేనే తీసుకున్నాను. గోడ చూపించి ఉయుబుజ్, గుమ్మం చూపించి ఉయుబుజ్‌దో, మేడ చూపించి ఉయుబుజ్‌దోన్. వచ్చిందంతా వాడేశాను. తాతగారు శ్లాబు వైపు చూసి, గోడ మీద తట్టి, ఏదో అడిగాడు.

"ఓబా" అన్నాను ఠీవిగా.

ఆయన ఆశ్చర్యంగా కొడుకు వైపు చూశాడు. కొడుకు తన భార్య వైపు చూశాడు. తాతగారు మళ్ళీ అడిగాడు. నేను మళ్ళీ "ఓబా" అన్నాను.

"ఏటడిగేరు?" అన్నాడు అన్నయ్య.

"గట్టి ఇల్లేనా అని."

"గట్టిదే అని సెప్పు. అంతా సిమెంటే."

"చెప్పాను."

వడ్డన పూర్తయింది. ఒక వైపు అతిథులు ముగ్గురూ, ఎదురుగా సూరయ్య మావ, అన్నయ్య, మిగతా చుట్టాలు. విస్తరి మీద ఆవిరి లేస్తోంది. పెద్ద అతిథి చెయ్యి పెడితే తప్ప మనవాళ్ళు పెట్టరు కదా, అందరూ తాతగారి వైపు చూస్తున్నారు. ఆయనేమో ఇంటివాళ్ళు చెబితే మొదలుపెడదామని మా వైపు చూస్తున్నాడు. ఇదే నా సమయం అనుకున్నాను.

బల్ల చివరికి వెళ్ళి నిలబడ్డాను. రెండు అరచేతులూ ఆకాశం వైపు తెరిచాను. కళ్ళు మూసుకున్నాను. మంత్రం తెలియదు కాబట్టి పెదాలు మాత్రం కదిపాను. మంత్రం వదిలి చేతులు మాత్రం ఎత్తితే ఎంత ప్రమాదమో నాకేం తెలుసు? చివరికి గొంతెత్తి "ఓమీన్" అని, మొహం పైనుంచి కిందికి నెమ్మదిగా తుడుచుకున్నాను.

కళ్ళు తెరిచేసరికి తాతగారు తన విస్తరి వైపు చూస్తున్నాడు. తర్వాత నన్ను చూశాడు. ఆ మొహంలో ఏదో వాడిపోయింది. కానీ మర్యాద మనిషి. ఆయనా అరచేతులు తెరిచాడు. కొడుకూ కోడలూ తెరిచారు. "ఓమీన్" అని ముగ్గురూ మొహం తుడుచుకున్నారు. నేను గర్వంగా అన్నయ్య వైపు చూశాను.

ముగ్గురూ లేచి నిలబడ్డారు. కుర్చీలు వెనక్కి జరిపారు. తాతగారు గుండెల మీద చెయ్యి పెట్టుకుని "రహ్‌మత్" అని తల వంచాడు. అది ధన్యవాదమని నాకు తెలుసు. వరసగా నడుచుకుంటూ వీధి గుమ్మం వైపు వెళ్ళిపోయి చెప్పులు, బూట్లు తొడుక్కోవడం మొదలుపెట్టారు.

ముందుగా నోరు తెరిచింది సూరయ్య మావ.

"ఇస్తరి కాడ నుంచి లెగిసిపోనారేటి?"

"సెయ్యి కడుక్కోడానికేమో మావా" అన్నాడు అన్నయ్య, ఆయనకే నమ్మకం లేకుండా.

"బూట్లేసుకుని సెయ్యి కడుగుతారేట్రా? మెతుకు ముట్టకుండా లెగిసేరంటే సంబందం వొద్దన్నట్టే. ఇంకేటుంది సెప్పు? ఒగ్గీ, పోదాం."

అంటూ ఆయనా లేచాడు. పెద్ద అతిథి లేచాక మిగతావాళ్ళు తింటే బాగుంటుందా? పంక్తి పంక్తంతా లేచింది. వంకాయల వైపు ఆశగా చూసి, నా వైపు అంతకంటే గట్టిగా చూసి లేచారు. వదిన పాయసం గిన్నెతో వచ్చి, ఖాళీ కుర్చీలు చూసి, గరిటె జారవిడిచింది.

"ఒసే సత్తీ! ఆళ్ళకేటి సెప్పేవే?" అన్నాడు అన్నయ్య.

"నేనేమీ చెప్పలేదన్నయ్యా, దణ్ణం పెట్టాను."

"ఏటా దండం? దండవెడితే మనుసులు ఎలిపోతారేటి?"

భయమేస్తే నా పుస్తకాల తెలుగు ఎటో ఎగిరిపోతుంది. "నాకేటి తెల్సన్నయ్యా!" అని గుమ్మం వైపు పరిగెత్తాను. వాళ్ళను ఆపాలి. లోపలికి పిలవాలి. తినమనాలి. కానీ రమ్మనడం, కూర్చోమనడం, తినమనడం, అన్నీ క్రియలే! మా ఆయన అక్కడ స్తంభానికి ఆనుకుని నా వైపే చూస్తున్నారు. ఆ చూపులో చారు కనిపించింది.

"ఉయుబుజ్‌గో!" అన్నాను. మా ఇంటికి.

తాతగారు నొచ్చుకున్నట్టు తల ఊపాడు.

"ఉయుబుజ్‌దో! పులిహోరబుజ్! గారెబుజ్! వంకాయబుజ్!" అన్నాను. వాళ్ళ పదాలు లేకపోతే పోనీ, మన వంటకాలకే వాళ్ళ ప్రత్యయం తగిలించి మా పులిహోర, మా గారెలు అని మొత్తుకున్నాను. ముగ్గురూ జాలిగా చూశారు. ఇక భాష వదిలేసి అయిదు వేళ్ళూ కూడదీసి నోటి దగ్గర పెట్టి, తినండి తినండి అని సైగ చేశాను.

అయిజాన్ అమ్మకు అర్థమైంది. గబగబా హ్యాండ్‌బ్యాగు తెరిచి, సున్నపు గోళీలాంటి తెల్లని ఉండ ఒకటి తీసి, ఎంతో ప్రేమగా నా నోట్లో పెట్టింది. పాపం, ఈవిడ ఆకలితో అల్లాడుతోంది అనుకుంది. అది ఎండబెట్టిన పెరుగు ఉండట. ఉప్పు, పులుపు, రాయిలా గట్టి. ఉమ్మలేను, మింగలేను. అంత వంట చేసిన ఆ ఇంట్లో ఆ పూట నోట్లో ఏదైనా పడింది నాకొక్కదానికే, అదీ అతిథుల చేతి నుంచి.

అప్పుడే మెట్ల మీద గాజుల చప్పుడైంది. అయిజాన్ కొత్త చీరలో, కుచ్చిళ్ళు తొక్కకుండా ఒక్కో మెట్టూ చూసుకుంటూ నవ్వుతూ దిగుతోంది. తలెత్తి చూసింది. తాత కాళ్ళకు బూట్లు. పందిట్లో ముట్టని విస్తళ్ళు. ఆ పిల్ల అక్కడే మెట్టు మీద కూలబడింది. కళ్ళ నుంచి కాటుక కారి కొత్త చీర మీద పడుతోంది.

నవ్వుల కథ అని మొదలుపెట్టాను గానీ ఇక్కడ నాకు నవ్వు రాదు. ఇన్నేళ్ళుగా బ్లాక్‌బోర్డు మీద సిగ్గు అనే మాట రాసి వాక్యాలు చెప్పించాను. ఆ మాటకు అర్థం ఆ మెట్ల కింద, నోట్లో పెరుగు ఉండతో నిలబడినప్పుడు తెలిసింది. నా గొప్ప కోసం అద్దం ముందు సాధన చేసి మరీ ఆ పిల్ల బతుకుతో ఆడుకున్నాను. ఆ ముక్క నాకు నేను చెప్పుకున్నాను, మీకూ చెబుతున్నాను.

తరుణ్ ఐస్‌క్రీమ్ డబ్బాలతో వచ్చాడు. వాడికి విషయం అడగాల్సిన పని కూడా లేకపోయింది. ముందు నా మొహం చూశాడు.

"అత్తా, నువ్వేనా?"

నేను చేతులు తెరిచి మొహం తుడుచుకుని చూపించాను. నోరు ఖాళీ లేదు మరి. వాడు డబ్బాలు కింద పెట్టి తల పట్టుకున్నాడు. అయిజాన్ తాతతో మాట్లాడింది, తాత ఆమెకు చెప్పాడు, ఆమె తరుణ్‌కు చెప్పింది, వాడు అందరికీ వినబడేలా చెప్పాడు.

"నాన్నా, ఆళ్ళకి అది బోజనం అయిపోనాక సేసేది. పెద్దోళ్ళు సేతులెత్తి దీవిస్తారు, ఓమీన్ అంటారు, ఇంకంతే, ఎవులూ మెతుకు ముట్టకూడదు, లెగాల. బల్ల మీద ఎంతున్నా లెగాల. ఇంటావిడే తినకముందు సేతులెత్తిందంటే, మీ పిల్ల మాకొద్దు, ఎల్లండని మర్యాదగా సెప్పినట్టనుకున్నారంట."

"మనం ఆళ్ళని ఎల్లమన్నామా?" అన్నాడు అన్నయ్య తెల్లబోయి.

"ఆళ్ళే మనల్ని వొద్దన్నారనుకున్నాం కదరా!" అన్నాడు సూరయ్య మావ.

రెండు కుటుంబాలూ ఒకరినొకరు చూసుకున్నాయి. తర్వాత రెండు కుటుంబాలూ నన్ను చూశాయి. ఆ పెళ్ళిలో ఇరుపక్షాలకూ మొదటిసారి ఏకాభిప్రాయం కుదిరింది అక్కడే.

నేను అయిజాన్ పక్కన మెట్టు మీద కూర్చుని, "తప్పయిపోయిందమ్మా" అన్నాను. ఆ మాట ఏ భాషలో అన్నానో గుర్తులేదు. ఆ పిల్ల కాటుక తుడుచుకుని, నా ఉబ్బిన బుగ్గ వైపు చూసి, తనకొచ్చిన ఒక్క తెలుగు ముక్కా అంది.

"అత్తా, తిన్నావా?"

వదిన ఎందుకు కరిగిందో నాకప్పుడు తెలిసింది. ఇద్దరం ఒకేసారి ఏడ్చి ఒకేసారి నవ్వాం.

తాతగారు దీనికి ఒక దారి చెప్పాడు. ఒకసారి ఇచ్చిన దీవెనను వెనక్కి తీసుకోకూడదట. కాబట్టి ఆ భోజనం అయిపోయినట్టే లెక్క, ఇది కొత్త భోజనం, మళ్ళీ మొదటి నుంచి రావాలి. ముగ్గురూ గేటు దాకా వెళ్ళి వెనక్కి తిరిగారు. నేను మళ్ళీ ఎదురెళ్ళి, ఈసారి వంగిన నడుముతో, "ఉయుబుజ్‌గో కోష్ కెలిఙిజ్‌దెర్" అన్నాను. చల్లారినవన్నీ వెచ్చబెట్టి విస్తళ్ళు మార్చారు. నేను బల్ల దగ్గరికి వస్తుంటే వదిన ఎదురొచ్చింది.

"సత్తెమ్మా, ఈ సేత్తో పప్పు గిన్నె అట్టుకో. ఆ సేత్తో నెయ్యి గిన్నె అట్టుకో. ఆళ్ళు సెయ్యి కడిగీదాకా దించేవంటే సూడు."

అలా రెండు చేతులకూ రెండు గిన్నెలు వేలాడేసుకుని ఆ విందు సాంతం నిలబడ్డాను. తాతగారు గారెలు రెండోసారి వేయించుకున్నాడు. వంకాయ మూడోసారి వేయించుకున్నాడు. ఎదురుగా సూరయ్య మావ ఆయనతో పోటీ పడి తిన్నాడు. ఒకరి భాషలో ఒకరికి ఒక్క మాట కూడా తెలియకపోయినా "ఇంకొంచెం", "వద్దు", "వెయ్యండి" అన్నీ సైగలతోనే జరిగిపోయాయి. అనువాదకురాలి అవసరం ఎవరికీ కనిపించలేదు.

చివరికి తాతగారు చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. అటూ ఇటూ చూసి, నా మీద కళ్ళు నిలిపి, దగ్గరికి రమ్మని పిలిచాడు. నేను వదిన వైపు చూశాను.

"ఇప్పుడెత్తు" అంది వదిన, గిన్నెలు రెండూ అందుకుంటూ.

తాతగారు అరచేతులు తెరిచాడు. పక్కన నేనూ తెరిచాను. ఆయన చాలాసేపు దీవించాడు. ఈసారి అన్నయ్య, వదిన, మా ఆయన, మడత నలగని సూరయ్య మావ, అందరూ "ఓమీన్" అని మొహం తుడుచుకున్నారు. తరుణ్ అందరి వైపూ తిరిగి చెప్పాడు.

"ఒప్పుకున్నారు. ఈ ఇంటి తిండి బాగుంది, పిల్లనిస్తామంతన్నారు."

వదిన కళ్ళు ఒత్తుకుంది. తాతగారు అన్నయ్య భుజం మీద చెయ్యి వేసి ఇంకేదో అన్నాడు. తరుణ్ నా వైపు అదోలా చూశాడు.

"ఇంకేటంతన్నారు?" అన్నాడు అన్నయ్య.

"ఇల్లు కూడా బాగుందంట నాన్నా. గానీ ఇప్పుడు కొనలేరంట. అమ్మకానికెట్టేరా అని రెండుసార్లడిగితే అత్త రెండుసార్లూ అవునందంట."

ఇది జరిగి కొన్నేళ్ళయింది. అయిజాన్ ఇప్పుడు శ్రీకాకుళంలోనే డాక్టరు. ఆమె తెలుగు ముందు నా తెలుగు ఎందుకూ పనికిరాదు. నా కిర్గిజ్ మాత్రం ఇంకా నామవాచకాల దగ్గరే ఉంది. మొన్న వాళ్ళింట్లో భోజనాలకు కూర్చున్నాం. ఉక్కగా ఉందని, మొహాన చెమట తుడుచుకుందామని రెండు చేతులూ పైకి లేపాను. పంక్తిలో అందరూ ఒక్కసారి బిగుసుకుపోయారు. వంటింట్లోంచి అయిజాన్ గరిటెతో పరిగెత్తుకొచ్చింది.

"ఏటి సేస్తన్నావత్తా! సేతులు దించు! ఇంకా పులుసెయ్యలేదు!"

అందుచేత ఏడు విభక్తుల సాక్షిగా, కిర్గిజ్ వాళ్ళ ఆరు విభక్తుల సాక్షిగా, నా స్వహస్తాలతో ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను: ఇకపై ఎవరింట విస్తరి వేసినా, పాయసం పూర్తయి, పెద్దలు లేచి, చేతులు కడిగేంతవరకు ఈ సత్యవతి రెండు చేతులూ భుజాల కన్నా పైకి లేవవు. చెమట పట్టినా లేవవు. దోమ కుట్టినా లేవవు. ఆ ప్రమాణం చేసేటప్పుడు కూడా రెండు చేతులూ ఎత్తబోతే మా ఆయన పట్టుకుని ఆపారు.